నల్ల కారు, ఖాళీ బోను

పాత కార్ల పిచ్చి పట్టిన పిల్లలు కొందరు ఈ మధ్య నాకు ఫోన్ చేస్తున్నారు. కార్బురేటర్ గురించి, రంగు గురించి నాలుగు మాటలు అడిగి, చివరికి అందరూ ఒకే ప్రశ్న దగ్గరికి వస్తారు. బెంగళూరులో షో ఉంది, బండిని తోలుకొని వెళ్ళాలా, లారీ మీద ఎక్కించి పంపాలా అని. నేను పని మానేసి నాలుగేళ్ళయింది. కారు కిందికి దూరితే నన్ను బయటికి లాగడానికి ఇద్దరు కావాలి. నోరు మాత్రం బాగానే పనిచేస్తోంది. అందుకే ఈ ఒక్క ప్రశ్నకు కుదురుగా జవాబు రాసి పెడదామని కూర్చున్నాను. జవాబు ఒక్క ముక్కలో చెప్పవచ్చు. కానీ అది నాకు ఎలా తెలిసిందో చెప్పకపోతే మీరు నమ్మరు. పైగా అందులో ఒక పెద్ద తప్పు ఉంది. అది ఇంకొకరి తప్పయితే ఇన్నాళ్ళు దాచుకునేవాణ్ణి కాదు.

నేను మొదట కార్ల మనిషిని కాను. కోలారు బంగారు గనుల్లో ఫిట్టరుగా చేరాను. మనుషుల్ని ఇనుప బోనులో నిలబెట్టి గని బావిలోకి దించే పెద్ద ఇంజను ఉంటుంది చూడండి, ఆ ఇంజను గదిలో నా పని. ఆ గదిలో చేరిన మొదటి రోజే రెండు నియమాలు నేర్పారు. ఒకటి, ఇంజను కాసేపు ఆగి మళ్ళీ మొదలైతే, మనుషుల్ని ఎక్కించే ముందు ఖాళీ బోనును ఒకసారి అడుగుదాకా దించి పైకి ఎత్తాలి. ఎంత తొందరైనా సరే, పైన పెద్ద దొర నిలబడి గడియారం చూసుకుంటున్నా సరే. రెండోది గంటల భాష. ఒక గంట కొడితే ఆపు, రెండు కొడితే దించు. మూడు కొడితే మనుషులు ఎక్కబోతున్నారని. ఆ మూడింటికి ఇంజను గదిలోంచి తిరిగి మూడు గంటలు వినబడితే తప్ప ఎవరూ బోనులో అడుగు పెట్టకూడదు.

ఆ ఇంజను నడిపేవాడు నా స్నేహితుడు. ఇంట్లో తమిళం, బజారులో కన్నడం, నాతో తెలుగు. బోను కదులుతున్నంతసేపు అతను మాట్లాడగా నేను చూడలేదు. ఈగ ముక్కు మీద వాలినా చెయ్యి లీవరు మీద నుంచి తీసేవాడు కాదు. బోను కింద ఆగితే లోపల నిలబడ్డవాడి చేతిలో టీ గ్లాసు తొణకదని మా వాళ్ళు చెప్పుకునేవారు. నేను ఆ గ్లాసు చూడలేదు గాని ఆ మాట మాత్రం నమ్ముతాను. గనులు మూసేశాక అతను మారికుప్పంలో తెల్లవారుజాము రైలెక్కి బెంగళూరు వెళ్ళి, ఒక అపార్టుమెంటు గేటు దగ్గర కాపలా ఉద్యోగం చేశాడు. అంత పనివాడు గేటు తీస్తూ మూస్తూ కూర్చున్నాడే అని నేను బాధపడితే నవ్వేవాడు.

"అదీ అదే పని కదరా. లోపలికి పొయ్యేవాళ్ళు చల్లగా పోవల్ల, బయటికి వచ్చేవాళ్ళు చల్లగా రావల్ల" అనేవాడు.

నేను మాత్రం రాబర్ట్‌సన్‌పేటలో ఒక రేకుల షెడ్డు వేసుకుని కార్లు బాగుచేయడం మొదలుపెట్టాను. గనిలో దొరలు వదిలిపోయిన పాత బండ్లు మా ఊళ్ళో కొన్ని ఉండేవి. వాటి మీద చెయ్యి తిరిగింది. నెమ్మదిగా కోలారు నుంచి, బంగారుపేట నుంచి కూడా పాత బండి ఉన్నవాళ్ళు నా షెడ్డు వెతుక్కుంటూ రావడం మొదలైంది. మేస్త్రీ అన్న పేరు వచ్చింది. పేరుతో పాటు రొమ్ము కూడా రెండంగుళాలు పెరిగింది. అసలు కథ ఆ రెండంగుళాల గురించే.

మా ఊళ్ళో ఒక టీచరమ్మ ఉన్నారు. హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యారు. ఆమె మామగారు గని ఆఫీసులో గుమాస్తా. ఒక దొర సొంత దేశానికి వెళ్ళిపోతూ తన నల్ల కారును ఆయనకు ఇచ్చి వెళ్ళాడు. ఆ కారుకు పక్క స్తంభాల్లోంచి చిన్న చెయ్యిలాంటి సిగ్నలు బయటికి లేస్తుంది. ముందు భాగంలో ఇనుప కడ్డీ దూర్చి తిప్పితే ఇంజను మొదలవుతుంది. టీచరమ్మ కోడలిగా వచ్చి, భర్త దగ్గర డ్రైవింగు నేర్చుకుని, ఆ కారులోనే ఏళ్ళతరబడి బడికి వెళ్ళారు. కారు మూల తిరిగే చప్పుడు వినగానే మైదానంలో పిల్లలు వరసలో నిలబడేవారట. ఊళ్ళో సగంమందికి ఆమె పేరు తెలియదు, నల్ల కారు టీచరమ్మ అంటే చాలు.

తర్వాత ఆమె భర్తకు జబ్బు చేసింది. ఆయన మంచం మీద ఉన్న తొమ్మిదేళ్ళూ కారు షెడ్డులో నిలిచిపోయింది. ఆయన పోయాక ఒక రోజు ఆమె నా దగ్గరికి వచ్చి, "మేస్త్రీ, దాన్ని లేపల్ల" అన్నారు. లేపడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది. ఎలకలు సీట్లలో కాపురాలు పెట్టి మనవళ్ళనెత్తాయి. బ్రేకు పైపులన్నీ కొత్తవి వేశాను. ఇంజను విప్పి బిగించాను. రంగు నా చేత్తోనే వేశాను. చివరికి ఆ నలుపులో ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చు అన్నట్టు తయారైంది. నిజంగానే ఒకసారి దువ్వుకున్నాను.

అప్పుడే బెంగళూరు ఆసామి ఒకాయన వచ్చాడు. పాత కార్లు కూడబెట్టేవాడు. చల్లటి గోడౌనులో వరసగా పెట్టి, వాటి మీద దుమ్ము పడకుండా దుప్పట్లు కప్పించేవాడు. మంచివాడే. బండి చుట్టూ మూడుసార్లు తిరిగి, చెప్పులు విడిచి లోపల కూర్చుని దిగి, తన కన్నడం కలిసిన తెలుగులో మొదలుపెట్టాడు.

"అమ్మా, ఇది మీకు ఇంగ యేమిటికి? నాకు ఇచ్చేయండి. కన్నులాగ నోడుకుంటాను. మీరెప్పుడైనా వచ్చి చూసుకోవచ్చు" అన్నాడు.

టీచరమ్మ ఆలోచించి చెప్తానన్నారు. ఆయన వెళ్ళాక కారు తలుపుకు ఆనుకుని నిలబడి నాతో అన్నారు. "చూడప్పా, ఇది నడిచే బండి అయితే నా దగ్గర ఉంటాది. నడవని బండిని షెడ్డులో పెట్టుకుని దినామూ తుడుస్తా కూర్చోలేను. తొమ్మిదేండ్లు అట్ల చూసినాను, ఇంగ చాలు. వచ్చే నెల బెంగళూరులో షో ఉండాది కదా, నేనే తోలుకొని పోతా. పోయిందంటే ఉంచుకుంటా. పోలేదంటే అక్కడే ఆయనకు ఇచ్చేసి రైలెక్కి వస్తా."

ఆమె తొమ్మిదేళ్ళు చూసింది కారునొక్కదాన్నే కాదని నాకు అర్థమైంది. అయినా నేను ఏం చేశాను? వద్దన్నాను. బెంగళూరుదాకా వంద కిలోమీటర్లు, హైవే మీద లారీలు రాళ్ళు చిమ్ముతాయి, ఎండకు ఇంజను మరుగుతుంది, ఈ బండికి ఒక అద్దం పగిలితే దేశంలో ఇంకొకటి దొరకదు అన్నాను. అన్నీ నిజాలే. చెప్పని నిజం ఇంకొకటి ఉంది. షోలో జడ్జీలు తెల్ల గుడ్డతో మడ్‌గార్డు లోపల కూడా తుడిచి చూస్తారని విన్నాను. నా రంగు మీద ఒక్క గీత లేకుండా, టైర్లకు మట్టి అంటకుండా ఆ బండి అక్కడ నిలబడాలి, ఇది ఎవరు చేశారని వాళ్ళు అడగాలి. నాకు కావలసింది అది.

నా స్నేహితుడు అప్పటికి గేటు ఉద్యోగం మానేసి ఇంటి దగ్గరే ఉన్నాడు. వాడికి చెబితే ముఖం చిట్లించాడు. "కదలని ఇనుప రోపుకి తుప్పు ముందు పడతాది. తెలియదా నీకి? ఆ యమ్మని తోలనీ."

"నీకేం తెలుసు కార్ల సంగతి?" అన్నాను.

"కార్లు తెలీదు. ఆ యమ్మ తెలుసు" అన్నాడు.

నేను వినలేదు. టీచరమ్మకు నా పని మీద గౌరవం. "నువ్వు అంత చెప్తా ఉంటే ఇంగ నేనేమి చెప్పేది. సరే, లారీలోనే పంపించు" అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆమె ముఖం చూశాను. చూడనట్టు నటించాను.

శనివారం మధ్యాహ్నం మాలూరు నుంచి కార్లు మోసే లారీ వచ్చింది. డ్రైవరు నలభై ఏళ్ళ మనిషి, నెమ్మదస్తుడు. కారును పైకి ఎక్కించి, చక్రాల మీదుగా వెడల్పాటి బెల్టులు వేయబోయాడు. నేను ఆపాను. గనిలో మేము బోను కింద యంత్రాలు వేలాడదీసి లోపలికి పంపేటప్పుడు ఒక అంగుళం కూడా ఆడకుండా గొలుసుతో బిగించేవాళ్ళం. ఆడిందంటే బావి గోడకు తగులుతుంది, తగిలిందంటే కింద ఉన్నవాళ్ళ గతి అంతే. ఆ అలవాటు నా చేతుల్లో ఉండిపోయింది. నా సొంత గొలుసులు తెచ్చి, కారు కింద వెనక ఇరుసుకు చుట్టి, మర వేసి బిగించాను.

"అన్నా, అట్ల ఇరుసుకి వద్దన్నా. చక్రాన్ని కట్టితే సాలు. బాడీ స్ప్రింగుల మీద రొంత ఆడల్ల" అన్నాడు లారీ డ్రైవరు.

"నువ్వు పుట్టకముందే నేను టన్నుల బరువులు పాతాళానికి దించినాను. నాకి చెప్తావా?" అన్నాను.

అతను బెల్టులు పక్కన పెట్టేశాడు. నేను ఇంకొక చుట్టు బిగించాను.

ఆదివారం పొద్దున టీచరమ్మ, నా స్నేహితుడు, నేను మారికుప్పంలో రైలెక్కాం. టీచరమ్మ ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని, ఇడ్లీలు కట్టుకుని వచ్చారు. బంగారుపేట దాటాక కిటికీలోంచి చూస్తూ నవ్వారు. "నా కారు లారీ మీద పోతా ఉండాది, నేను రైల్లో పోతా ఉండాను. ఎవురు ఎవుర్ని తోలుకొని పోతా ఉండామో దేవునికే తెలియల్ల." నా స్నేహితుడు పెద్దగా నవ్వాడు. నేను ఇడ్లీ తింటున్నట్టు తల దించుకున్నాను.

మేము షో మైదానం చేరేసరికి లారీ డ్రైవరు కారును కిందికి దించి, నీడలో నిలబెట్టి ఉంచాడు. రాత్రంతా లారీ మీద ఉన్నా కారు మీద ఒక్క గీత లేదు. చూశావా అన్నట్టు నా స్నేహితుడి వైపు చూశాను. అక్కడ ఎన్ని బండ్లు! కొన్ని నల్లవి, కొన్ని ఎర్రవి, ఒకటైతే పెళ్ళికూతురులా దంతపు రంగులో ఉంది. చాలావరకు మూసిన ట్రక్కుల్లో వచ్చినవే. వాటి టైర్లకు రోడ్డు అంటే తెలియదు. ఒక మూల మాత్రం ఆరేడు బండ్లు బురదతో, పురుగులు అంటుకున్న అద్దాలతో నిలబడి ఉన్నాయి. మైసూరు వైపు నుంచి, ఇంకా దూరం నుంచి తోలుకొచ్చినవి. వాటి యజమానులు చొక్కా చేతులు మడిచి, చెట్టు కింద నేల మీద కూర్చుని టీ తాగుతూ దారిలో ఏది ఎక్కడ ఊడిందో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. టీచరమ్మ ఆ మూల వైపే చూస్తూ నిలబడ్డారు. నేను జేబులోంచి గుడ్డ తీశాను. గంటసేపు మెరుగు పెట్టాను. హెడ్‌లైట్ల అంచులు తుడిచాను, టైర్ల గాడుల్లో పుల్ల పెట్టి ఇసక రేణువులు తీశాను. ఒక్క నిమిషం డ్రైవరు సీట్లో కూర్చుని బ్రేకు తొక్కి చూడలేదు.

జడ్జీల వేదిక ముందుకు ఒక్కొక్క బండీ తనంతట తాను నడిచి రావాలి. దారి కొంచెం పల్లంగా ఉంది. చివర పూలకుండీలు, వాటి వెనక కుర్చీల్లో పెద్దవాళ్ళు, చిన్నపిల్లలు. మా బండి వంతు వచ్చింది. టీచరమ్మ స్టీరింగు పట్టుకున్నారు. ఇంజను ఒక్క పిలుపుకే పలికింది. పక్క సిగ్నలు చెయ్యి లేచింది. జనం చప్పట్లు కొట్టారు. నాకు కళ్ళు చెమ్మగిల్లాయి.

సగం దారిలో ఆమె భుజం ఒక్కసారి ముందుకు వంగడం చూశాను. బ్రేకు పెడలు నేలకు తగిలింది. పట్టు లేదు. మళ్ళీ తొక్కారు. లేదు. కారు పల్లంలో పూలకుండీల వైపు జారుతోంది. ఆమె అరవలేదు, హారను కూడా కొట్టలేదు. గేరు రెండుకు దించారు, ఇంజను మూలిగింది. ఒకటికి దించారు. ఎడమ చేత్తో హ్యాండ్‌బ్రేకును మెల్లగా, పాలు పిండినట్టు కొంచెం కొంచెంగా లాగారు. ఒక్కసారి గుంజి ఉంటే బండి పక్కకు తిరిగేది. పూలకుండీకి మూరెడు దూరంలో కారు నిలిచింది. ఆమె దిగి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, జడ్జీలతో "ఒక్క నిమిషం స్వామీ, బ్రేకు పోయినట్టుండాది" అన్నారు, తరగతిలో సుద్దముక్క అయిపోయిందని చెప్పినట్టు.

నేను పరుగెత్తి వెళ్ళి కిందికి దూరాను. చూడగానే తెలిసిపోయింది. వెనక ఇరుసు వెంబడి పోయే సన్నటి బ్రేకు పైపు మీద నా గొలుసు అచ్చు పడి ఉంది. బిగించిన చోట పైపు నలిగింది, దారి పొడుగునా కుదుపులకు పగులు పట్టింది, ఆమె గట్టిగా తొక్కగానే విచ్చుకుంది. ఆ కాలపు బండ్లలో నాలుగు చక్రాలకూ ఒకటే నూనె దారి. ఒకచోట పోతే అంతా పోయినట్టే. హైవేకి భయపడి లారీ ఎక్కించాను. హైవే ఏమీ చేయలేదు. చేసింది నా గొలుసు.

బయటికి వచ్చేసరికి నా స్నేహితుడు అక్కడ నిలబడి ఉన్నాడు. వాడు తిట్టి ఉంటే బాగుండేది. నెమ్మదిగా ఒకటే అడిగాడు.

"ఖాళీ బోను దించినావారా?"

మొదటి రోజు నేర్చుకున్న మొదటి నియమం. ఇరవై రెండేళ్ళు గనిలో ఒక్కనాడు తప్పలేదు. ఇక్కడ, జేబులో మెరుగు గుడ్డ పెట్టుకుని, ఒక మనిషిని ఎక్కించి పంపేశాను. టీచరమ్మ ముందుకు వెళ్ళి జరిగిందంతా చెప్పాను. గొలుసు గురించి చెప్పాను, లారీ డ్రైవరు వద్దన్న సంగతి కూడా చెప్పాను.

అంతలో బెంగళూరు ఆసామి వచ్చాడు. అతని ముఖంలో ఎకసెక్కం లేదు, నిజమైన భయమే ఉంది. "నోడమ్మా, ఎంత ప్రమాదం తప్పింది. ఈ బండ్లు రోడ్డు మీదికి కాదమ్మా. ఇక్కడినుంచే నా ట్రక్కులో ఎక్కించేస్తాను. మీరు ఊఁ అనండి చాలు."

అనేస్తారనుకున్నాను. అనడానికి ఆమెకు అన్ని కారణాలూ నేనే చేతికిచ్చాను. ఆమె నా వైపు తిరిగారు.

"మేస్త్రీ, ఇది బండి తప్పా, మన తప్పా?"

"నా తప్పమ్మా. బండి తప్పు లేదు" అన్నాను.

"అట్లయితే బండిని యేమిటికి శిక్షించేది?" అని ఆసామి వైపు తిరిగి, "ఇంటికి పోయినాక ఫోన్ చేసి చెప్తానప్పా. దీన్ని తోలుకొనే పోతా. చేరితే ఒక మాట, చేరకుంటే ఒక మాట" అన్నారు.

ముప్పై ఏళ్ళు పిల్లల తప్పులు దిద్దిన మనిషి ఆమె. నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఆ తర్వాత రెండు గంటలు నేను చేసినంత జాగ్రత్తగా జీవితంలో ఇంకే పనీ చేయలేదు.

ఆదివారం కావడంతో సామాన్ల కొట్లు మూసి ఉన్నాయి. ఆదుకున్నది ఎవరనుకున్నారు? నేను నోరు మూయించిన లారీ డ్రైవరే. తనకు తెలిసిన కొట్టువాణ్ణి ఇంటి నుంచి లేపి, పైపు, బ్రేకు నూనె తెచ్చి ఇచ్చాడు. "క్షమించప్పా" అన్నాను. "ఉండనీ అన్నా, ఈ పొద్దు బెల్టు ఎట్ల వేసేదో నేర్చుకున్నావు కదా" అని నవ్వాడు. పైపు వంచి, చివరలు విప్పార్చి, బిగించాను. ఇక పైపులో చేరిన గాలి తీయాలి. ఒకరు పైన పెడలు తొక్కుతూ ఉంటే ఒకరు కింద నట్టు విప్పి మూస్తూ ఉండాలి. మైకుల గోలలో కింద నుంచి నేను అరిచేది ఆమెకు వినబడటం లేదు. నా స్నేహితుడు ఒక స్పానరు నా చేతికిచ్చి, కిటికీ దగ్గర నిలబడి ఆమెకు గంటల భాష నేర్పాడు.

"ఇనుము మీద రెండు కొడితే తొక్కండి. ఒకటి కొడితే అట్లే పట్టుకోండి. నాలుగు కొడితే మెల్లగా వదలండి. మూడు మాత్రం ఇప్పుడు లేదు టీచరమ్మా. అది మనుషులకి."

హెడ్‌మిస్ట్రెస్‌ గారు పట్టుచీరలో కూర్చుని, కింద నుంచి నేను కొట్టే చప్పుళ్ళకు ఒక్కటి తప్పకుండా కాలు ఆడించారు. చుట్టూ చెట్టు కింద టీ తాగుతున్నవాళ్ళు చేరారు. ఒకాయన నా కాళ్ళ దగ్గర కూర్చుని లైటు పట్టాడు. పని అయ్యాక పెడలు రాయిలా నిలబడింది.

"ఇంగ పోదామా?" అన్నారామె.

"ఉండండమ్మా" అన్నాను. ఆమెను దింపి, నేనొక్కణ్ణే ఎక్కి మైదానం చుట్టూ మూడుసార్లు తిరిగాను. ఎత్తులో ఆపాను, పల్లంలో ఆపాను, గట్టిగా తొక్కి ఆపాను. కిందికి వంగి పైపు తడిమి చూశాను. పొడిగా ఉంది. అప్పుడు దిగి తలుపు తీశాను. ఆమె కూర్చుని, నా స్నేహితుడి వైపు చూసి, హారను మూడుసార్లు కొట్టారు. నేనూ వాడి వైపే చూశాను. వాడు మెల్లగా నా భుజం తట్టాడు. "నన్ను చూస్తే? బ్రేకు చేసింది నువ్వు. నువ్వు కొట్టు."

నేను బానెట్టు మీద వేలి కణుపుతో మూడుసార్లు కొట్టాను.

హొసకోట మీదుగా మాలూరు దారి పట్టాం. ఆమె తోలుతుంటే నేను పక్కన, వాడు వెనక. మొదటి పది మైళ్ళు నేను రోడ్డు చూడలేదు, ఆమె కాలినే చూశాను. ఆమె తోలే తీరు చూసి ఉండాలి మీరు. గుంతను దూరం నుంచే గుర్తుపట్టి, బ్రేకు ముట్టకుండా వేగం తగ్గించి, బండి తనకు తానే దిగి ఎక్కేటట్టు పోనిచ్చేవారు. లారీ వెనక నుంచి హారను కొడితే పక్కకు తీసి, "పోనీ పాపం, వానికి తొందర" అనేవారు. మాలూరు ఇటుక బట్టీలు దాటాక ఎండకు పెట్రోలు పంపు వేడెక్కి ఇంజను దగ్గి ఆగింది. ఆమె తన సీసాలో నీళ్ళతో రుమాలు తడిపి నా చేతికిచ్చారు. పంపు మీద వేశాను. మేము మిగిలిన ఇడ్లీలు తినేంతలో చల్లబడి మళ్ళీ పలికింది. బట్టీల దగ్గర పనిచేసే ఆడవాళ్ళు వచ్చి చుట్టూ నిలబడి, ఇంత ముసలి బండిని ఇంత వయసు అమ్మ తోలడమేమిటని కన్నడంలో ఆశ్చర్యపోయారు. ఆమె వాళ్ళలో ఒకామెను పక్కన కూర్చోబెట్టుకుని అటొక వంద గజాలు, ఇటొక వంద గజాలు తిప్పి దింపారు.

నేను పద్నాలుగు నెలలు ఆ బండిని బాగుచేశాను గాని, దాన్ని బాగా చూసింది ఆ రోజే. బిగుసుకుపోయిన స్ప్రింగులు వదులై, ఇంజను చప్పుడు మెత్తబడి, మైలుమైలుకూ అది మెరుగవుతూ వచ్చింది. మెరుగు గుడ్డతో నేను గంటసేపు చేయలేనిది రోడ్డు చేసింది.

బంగారుపేట దాటి, గని మట్టి పోసిన సైనైడు దిబ్బలు కనబడే వేళకు పొద్దు వాలుతోంది. ఇంటి ముందు బండి ఆగింది. నల్ల రంగు మీద వేలు పెట్టి రాస్తే పేరు కనబడేంత దుమ్ము. ముందు అద్దం మీద పురుగులు. ఎడమ మడ్‌గార్డు మీద, సరిగ్గా నేను తల దువ్వుకున్న చోట, రాయి తగిలిన చిన్న దెబ్బ. టీచరమ్మ దిగి, లోపలికి కూడా వెళ్ళకుండా, గేటు దగ్గరే నిలబడి ఆసామికి ఫోన్ చేశారు.

"చేరినామప్పా. బండి ఇచ్చేది లేదు. నీకి చూడాలనిపిస్తే నువ్వే రా, కూర్చోపెట్టుకుని తిప్పుతా."

అతను రెండు వారాలకే వచ్చాడు. చెప్పులు విడిచి ఎక్కాడు. టీచరమ్మ అతన్ని బేతమంగళం చెరువుదాకా తిప్పి తీసుకొచ్చారు. తర్వాత ఏడాది షోకి ఒక బండిని తానే తోలుకొని వచ్చాడు, ముఖమంతా నూనెతో.

ఆ మడ్‌గార్డు దెబ్బకు రంగు వేస్తానని నేను నాలుగుసార్లు అడిగాను. ఆమె వద్దన్నారు. ప్రతి ఏడూ ఆమె షోకి తోలుకొని వెళ్తున్నారు. బహుమతి ఒక్కసారి కూడా రాలేదు. నా పని ఒకటే. బయలుదేరే ముందు నేనొక్కణ్ణే ఎక్కి మారికుప్పం స్టేషనుదాకా ఖాళీగా తోలి తెస్తాను. ఆమె ఎక్కి హారను మూడుసార్లు కొడతారు. నేను బానెట్టు మీద మూడు కొడతాను. అప్పుడే బండి కదులుతుంది.

కాబట్టి పిల్లలూ, తోలుకొని వెళ్ళండి. లారీ ఎక్కించవలసి వస్తే ఎక్కించండి, దానిలో సిగ్గు లేదు, చక్రాలకు బెల్టు వేయమని లారీ మనిషి చెబితే నోరు మూసుకుని వినండి. ఏది చేసినా మనిషిని ఎక్కించే ముందు ఒకసారి ఖాళీగా నడపండి.

పోయిన షోనాడు జరిగింది చెప్పి ముగిస్తాను. ఆమె ఆకుపచ్చ చీరలోనే వచ్చారు, ఇడ్లీల డబ్బా సీటు మీద పెట్టారు. అప్పటికే నేను స్టేషనుదాకా వెళ్ళి వచ్చాను. ముందు కుడి చక్రంలో ఏదో సన్నటి చప్పుడు వినబడినట్టుంది, వినబడనట్టూ ఉంది. నా చెవులు కూడా ముసలివే కదా. ఆమె కూర్చుని హారను మూడుసార్లు కొట్టారు. నేను చెయ్యి ఎత్తాను. బానెట్టు మీద పెట్టాను. కొట్టలేకపోయాను.

ఆమె ఒక నిమిషం చూశారు. షోకి ఆలస్యమవుతుందని గాని, ఏమైందని గాని అడగలేదు. నా గొలుసు పైపును నలిపిన నాడు ఆమె కాలి కింద పెడలు జారిపోయింది. ఆ కాలే ఇప్పుడు మెల్లగా పక్కకు జరిగింది. తాళం తిప్పి ఇంజను ఆపేశారు. దిగి, ఇడ్లీల డబ్బా తీసుకుని, "రా మేస్త్రీ, చెట్నీ కూడా ఉండాది" అంటూ లోపలికి నడిచారు.